క్రియేటర్ మెత్తబడిందా? కుడిచేయి వింటే తెలుస్తుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పదిహేనేళ్లుగా క్రియేటర్ అనే జర్మన్ థ్రాష్ (వేగంగా, కోపంగా సాగే మెటల్) బ్యాండ్‌ని వింటున్నారు. వాళ్ల పాత ఆల్బమ్ ప్లెజర్ టు కిల్‌తో మొదలుపెట్టారు. 2026 జనవరిలో వచ్చిన క్రషర్స్ ఆఫ్ ద వరల్డ్ రెండుసార్లు విన్నారు. కోరస్‌లు, అంటే తిరిగి తిరిగి వచ్చే పల్లవులు, అందరూ కలిసి పాడుకునేలా ఉన్నాయి, గిటార్లలో మెలోడీ ఎక్కువైంది, సౌండ్ మరీ శుభ్రంగా ఉంది. బ్యాండ్ మెత్తబడిందా, లేక మీ చెవులే పాతబడ్డాయా, ఇక కొత్త ఆల్బమ్‌లు వినడం మానేయొచ్చా అని అడిగారు.

నేను చాలా ఏళ్లు ఒక థ్రాష్ బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయించాను. ఆ తర్వాత నుంచి మెటల్ బ్యాండ్‌లకి రికార్డింగ్, మిక్సింగ్ చేస్తున్నాను. కాబట్టి అభిమానిగా కన్నా ఈ పని చేతులతో చేసినవాడిగా జవాబు చెప్తాను.

మెత్తబడలేదు. మీ చెవులూ పాతబడలేదు. మీకు వినిపించిన మార్పు నిజమే, కానీ అది జరిగిన చోటు వేరు. థ్రాష్‌కి ప్రాణం రిఫ్, అంటే పాటని నడిపిస్తూ తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క. దాన్ని పుట్టించేది గిటారిస్టు కుడిచేయి. క్రియేటర్‌లో ఆ కుడిచేయి ఇంకా గట్టిగానే ఉంది. మారింది దాని చుట్టూ ఉన్నది: రెండో గిటార్ చేసే పని, డ్రమ్స్ రికార్డు చేసే పద్ధతి, గొంతు, చివర్లో మొత్తం శబ్ద స్థాయిని సరిచేసే మాస్టరింగ్. ఒక్కటి మాత్రం నిజంగానే పోయింది. 1986లో వాళ్లు తమ చేతికి మించిన వేగంతో వాయించారు. ఇప్పుడు తమ చేతిలో ఉన్న వేగంతో వాయిస్తున్నారు. మీకు వెలితిగా అనిపిస్తున్నది ఎక్కువగా ఇదేనని నా నమ్మకం.

ముందు మెలోడీ సంగతి. అది కొత్త ఆల్బమ్‌లో వచ్చి పడింది కాదు. మీరు ప్రాణంగా చూసుకునే ప్లెజర్ టు కిల్ ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. కొయిర్ ఆఫ్ ద డామ్‌డ్ అనే చిన్న వాద్యగీతం, నెమ్మదిగా, దిగులుగా సాగే గిటార్. అది ముగిసిన వెంటనే గోడ కూలినట్టు అసలు పాట మీద పడుతుంది. అంటే రాగం పట్ల మోజు వాళ్లకి మొదటి నుంచీ ఉంది. లేనిది రెండో చేయి. ఆ మొదటి రెండు ఆల్బమ్‌లు, 1985 నాటి ఎండ్‌లెస్ పెయిన్, 1986 నాటి ప్లెజర్ టు కిల్, ముగ్గురే చేసినవి. గిటార్ మిల్లే పెట్రోట్సా, డ్రమ్స్ వెంటర్, బేస్ రాబ్ ఫియొరెట్టి. గిటార్ భాగాలన్నీ మిల్లే ఒక్కడే చూసుకోవాలి, పైగా పాడాలి (కొన్ని పాటలు వెంటర్ పాడాడు). వేదిక మీద ఒకే గిటార్ ఉన్న బ్యాండ్ రిఫ్ ఆపి రాగం అందుకుంటే కింద నేల జారిపోతుంది. అందుకే పాటంతా రిఫ్ మీదే నడుస్తుంది.

ఇప్పటి రూపానికి పునాది 2001లో పడింది. ఫిన్లాండ్ గిటారిస్టు సామి యిలి-సిర్నియో ఆ ఏడాది చేరాడు, వయొలెంట్ రెవల్యూషన్ వచ్చింది. ప్రొడ్యూసర్ ఆండీ స్నీప్. మిల్లే రిఫ్ తోస్తూ ఉంటే పైన సామి పాడుకోదగ్గ రాగం ఒకటి పట్టుకుంటాడు. ఆ జోడీకి ఇప్పుడు పాతికేళ్లు. మీరు ‘కొత్త సౌండ్’ అంటున్నది వాళ్ల చరిత్రలో సగానికి పైగా ఉన్న సౌండ్.

నిజంగా దారి మళ్లిన కాలం వేరే ఉంది, అది తొంభైల్లో. కొత్తగా వినేవాళ్లు చాలామంది ఆ ఆల్బమ్‌లు దాటేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 1990లో కోమా ఆఫ్ సోల్స్ నాటికి వాళ్లు జర్మన్ థ్రాష్‌కి ముందు వరసలో ఉన్నారు. సోడమ్, డిస్ట్రక్షన్, టాంకార్డ్ పక్కనే నిలబడ్డ పేరు. తర్వాత 1992లో ఫ్లోరిడాలోని మోరిసౌండ్ స్టూడియోకి వెళ్లి రెన్యూవల్ చేశారు. డెత్ మెటల్ బ్యాండ్‌లన్నీ వెళ్లే స్టూడియోలో వీళ్లు యంత్రాల మోతని తలపించే ఇండస్ట్రియల్ సంగీతపు ఛాయలున్న, పొడిగా ఉండే ఆల్బమ్ చేశారు. 1994లో వెంటర్ వెళ్లిపోయాడు, 1996లో తిరిగొచ్చాడు. మధ్యలో కాజ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్, తర్వాత అవుట్‌కాస్ట్, చివరికి 1999లో ఎండోరామా. ఎండోరామాలో మిల్లే శుభ్రమైన గొంతుతో పాడాడు. దిగులు నిండిన గోతిక్ రాక్ వాసన. టైటిల్ పాటలో లాక్రిమోసా బ్యాండ్ గాయకుడు టిలో వోల్ఫ్ కూడా ఉన్నాడు. బ్యాండ్ రూపు మారిందంటే అప్పుడు మారింది. రిఫ్ వెనక సీటులో కూర్చుంది.

ఎండోరామా నాకు ఇష్టమైన ఆల్బమ్ అని ఇక్కడ ఒప్పుకుంటాను, కానీ అది థ్రాష్ కాదు. దాని పక్కన 2026 ఆల్బమ్ పెట్టి వినండి. కొత్తదానిలో కోరస్ ఎంత పెద్దదైనా, వర్స్ (కోరస్‌ల మధ్య వచ్చే చరణం) మొదలవగానే కుడిచేయి మళ్లీ పనిలోకి దిగుతుంది. మెత్తబడడమంటే రిఫ్ లేకుండా పాట నిలబడడం. రిఫ్ మీద అలంకారం పెరగడం మెత్తబడడం కాదు.

ఆ కుడిచేయి ఏం చేస్తుందో దగ్గర నుంచి చెప్తాను. గిటార్ వాయించనివాళ్లకి ఇది కనిపించదు.

అరచేతి అంచుని, చిటికెన వేలి వైపు కండని, బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే మెట్టు) మీద తీగలు మొదలయ్యే చోట ఆనిస్తాం. మిల్లీమీటరు వెనక్కి జరిగితే తీగ మోగిపోతుంది. మిల్లీమీటరు ముందుకి జరిగితే కర్ర మీద కొట్టినట్టు చచ్చిపోతుంది. ఆ రెండింటి మధ్య సన్నటి జాగాలోనే ‘డుగ్’ అనే శబ్దం పుడుతుంది. ఇప్పుడు ఆ ఆనింపు కదలకుండా మణికట్టు మాత్రమే ఆడాలి. పాట నిమిషానికి 200 బీట్లు నడుస్తుంటే, బీటుకి రెండు చొప్పున అన్నీ పైనుంచి కిందికే కొడితే నిమిషానికి 400 దెబ్బలు. సెకనుకి దాదాపు ఏడు. ఇలా నాలుగైదు నిమిషాలు. గాలప్ అనే గుర్రపు పరుగు లయ అయితే ఒక పొడుగు దెబ్బ, రెండు పొట్టి దెబ్బలు: తా-కిట, తా-కిట, తా-కిట. నోటితో అనడం సులువే. దాన్ని రెండు గిటార్లతో ఎడమా కుడీ విడివిడిగా రికార్డు చేసి, రెండూ ఒకటిగా వినిపించేలా కలపాలి. థ్రాష్ గిటార్ గోడలా వినిపించడానికి కారణం ఈ డబుల్ ట్రాకింగ్. రెండు దెబ్బల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటే గోడ వెడల్పు అవుతుంది, అంతకన్నా ఎక్కువైతే పగులు వినిపిస్తుంది.

అన్నీ కిందికే కొట్టడం వేరు, కిందికీ పైకీ మార్చి కొట్టడం వేరు. పైకి కొట్టే దెబ్బ సహజంగానే తేలిక. అమెరికా థ్రాష్ బ్యాండ్ మెటాలికా చేసిన మాస్టర్ ఆఫ్ పపెట్స్ టైటిల్ పాట సుమారు 210 బీట్ల వేగంతో కిందికి దెబ్బలతో నడుస్తుంది కాబట్టే అంత కోపంగా వినిపిస్తుంది. దాన్నే కింద-పైన వాయిస్తే స్వరాలు అవే, కోపం సగమే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, వయసు మొదట తాకేది ఇక్కడే. నాకు నలభై దాటాక మణికట్టు వెనక నొప్పి మొదలైంది. 190 బీట్ల పాట మూడో నిమిషంలో ముంజేయి రాయిలా బిగుసుకుపోయేది. ప్రేక్షకులకి తెలియకుండా రెండో వర్స్ నుంచి కింద-పైన కొట్టడం మొదలుపెట్టాను. ఒక రోజు రిహార్సల్ రికార్డింగ్ విన్నాను. స్వరం ఒక్కటి కూడా తప్పలేదు, అయినా ఆ వర్స్ దగ్గర పాట ఊపిరి వదిలేసినట్టుంది. నా చేయి పాట స్వభావాన్ని మార్చేసింది. నేను పూర్తిగా మిక్సింగ్ వైపు వచ్చేయడానికి అది ఒక కారణం.

మిల్లే 1967లో పుట్టాడు, ఇప్పుడు 58. ఎండ్‌లెస్ పెయిన్ నాటికి పదిహేడేళ్లవాడు. కొత్త పాటల వర్స్‌లలో ఆ దెబ్బ ఇంకా కుదురుగా పడుతోందంటే దాని వెనక ఎంత సాధన ఉందో నా మణికట్టుకి తెలుసు. అందుకే ‘ముసలాళ్లయిపోయారు’ అనే మాట ఎక్కడైనా చదివితే నాకు బాధగా ఉంటుంది.

డ్రమ్స్ దగ్గర కథ వేరు. మీకు ‘శుభ్రం’ అనిపించినదానిలో సగం ఇక్కడిదే.

ఎనభైల్లో డ్రమ్మర్‌కి చెవిలో లయ చెప్పే క్లిక్ వినిపిస్తూ వాయించడం థ్రాష్‌లో అందరికీ అలవాటు లేదు. పాట పరిగెత్తేది. కోరస్ దగ్గరికి రాగానే ఉత్సాహంతో వేగం పెరిగేది. ఇప్పుడు చాలావరకు ప్రతి ఆల్బమ్ కంప్యూటర్‌లో గ్రిడ్ మీద, అంటే సమానంగా గీసిన కాలపు గళ్ల మీద నడుస్తుంది. కాలితో కొట్టే కిక్ డ్రమ్ దెబ్బలు అటూ ఇటూ అయితే సరి చేస్తాం. ఒక్కో దెబ్బ బలహీనంగా ఉంటే దాని కింద ముందే రికార్డు చేసిన మంచి దెబ్బ శాంపిల్ కలుపుతాం. దీన్ని మోసం అనను. 200 బీట్ల వేగంలో రెండు కాళ్లతో కొట్టే కిక్ డ్రమ్ (డబుల్ బేస్) మోగుతుంటే, గిటార్ల గోడలోంచి ఆ దెబ్బలు వినపడాలంటే ఏదో ఒక సాయం కావాలి. కానీ అతి చేస్తే డ్రమ్మర్ కాళ్లు పోయి టైపింగ్ శబ్దం మిగులుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక పాత థ్రాష్ బ్యాండ్ నా దగ్గరికి వచ్చింది. పేరు చెప్పను. చాలా ఏళ్ల విరామం తర్వాత కొత్త ఆల్బమ్. కొత్త పాటలతో పాటు తొంభైల నాటి డెమో క్యాసెట్‌లోని ఒక పాటని మళ్లీ రికార్డు చేయాలని వాళ్ల కోరిక. పాత పాట వేగం 190 అని వాళ్ల డ్రమ్మర్ చెప్పాడు. 190 క్లిక్ పెట్టాం. బాగా వాయించారు, ఒక్క తప్పు లేదు. ప్లేబ్యాక్ వినగానే గదిలో ఎవరూ మాట్లాడలేదు. చివరికి బేస్ వాయించే ఆయన, ‘ఇది మన పాటేనా?’ అన్నాడు. నెమ్మదిగా ఉందని అందరికీ అనిపించింది. 194 పెట్టాం. ఈసారి కంగారుగా ఉంది, అయినా చప్పగానే ఉంది.

ఆ రాత్రి క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్కో భాగం వేగం కొలిచాను. మొదలు 186. మొదటి కోరస్‌కి 191. సోలో దగ్గర 196. సోలో అయ్యాక వచ్చే బరువైన భాగంలో 182కి పడిపోయింది, తిరిగి చివర్లో 197. అంటే సగటు నిజంగానే 190కి దగ్గర్లో ఉంది. కానీ పాట ప్రాణం సగటులో లేదు. కోరస్ దగ్గర డ్రమ్మర్ ముందుకి తూలడం, బరువైన భాగంలో నలుగురూ కలిసి వెనక్కి వాలడం, అదీ పాట. మరుసటి రోజు క్యాసెట్ వేగాల ప్రకారమే మారుతూ వెళ్లే క్లిక్ తయారుచేసి వాళ్లకి ఇచ్చాను. రెండో టేక్‌కే పని అయిపోయింది. వాయిస్తూనే ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ టేక్‌లో తప్పులు రెండున్నాయి, దిద్దలేదు.

అందుకే మీకు హోర్డ్స్ ఆఫ్ కేయాస్ అనే 2009 ఆల్బమ్ తప్పకుండా వినమని చెప్తాను. ప్రొడ్యూసర్ మోసెస్ ష్నైడర్‌తో వాళ్లు దాన్ని చాలావరకు అందరూ కలిసి లైవ్‌గా వాయిస్తూ రికార్డు చేశారు. గొంతు, సోలోలు లాంటివి తర్వాత చేర్చారు. అదే మిల్లే, అదే సామి, అదే వెంటర్. సౌండ్ మాత్రం కొత్త ఆల్బమ్ కన్నా చాలా గరుకు. ఆ తర్వాత ఫాంటమ్ యాంటీక్రైస్ట్ 2012లో, గాడ్స్ ఆఫ్ వయొలెన్స్ 2017లో, రెండూ స్వీడన్‌కి చెందిన యెన్స్ బోగ్రెన్‌తో చేశారు. పొరలు పొరలుగా, విశాలంగా, ప్రతి వాద్యం తన చోట కూర్చుని ఉండేలా చేయడం ఆయన పద్ధతి. గాడ్స్ ఆఫ్ వయొలెన్స్ జర్మనీ ఆల్బమ్ చార్ట్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. 2022 నాటి హేట్ ఊబర్ ఆలెస్‌కి ప్రొడ్యూసర్ ఆర్థర్ రిజ్క్, అది మళ్లీ కొంచెం మట్టి వాసన ఉన్న సౌండ్. క్రషర్స్ ఆఫ్ ద వరల్డ్‌కి తిరిగి బోగ్రెన్ వచ్చాడు. ఇలా వరసలో పెట్టి చూస్తే, ఈ పదిహేనేళ్లలో మీరు బ్యాండ్ మార్పు అనుకున్నదానిలో పెద్ద భాగం ప్రొడ్యూసర్ మార్పు.

గొంతు గురించి తక్కువే చెప్తాను. పదిహేడేళ్ల కుర్రాడి అరుపు సాధన చేసినది కాదు, తోసుకుని వచ్చేసినది. ఆ పద్ధతిలో నలభై ఏళ్లు ఏ గొంతూ నిలవదు. ఇప్పటి మిల్లే గొంతులో ఆ గరుకు ఇంకా ఉంది, కానీ మాటలు తెలుస్తాయి. ఇంకొకరి గొంతుకి చోటివ్వడం కూడా నేర్చుకున్నాడు. హేట్ ఊబర్ ఆలెస్‌లో మిడ్‌నైట్ సన్ పాటకి సోఫియా పోర్టానెట్ గొంతు కలిపింది. కొత్త ఆల్బమ్‌లో ట్రేనెన్‌పలాస్ట్‌లో బ్రిటా గ్యోర్ట్స్ ఉంది. ఆ పేరుకి అర్థం కన్నీటి సౌధం. బెర్లిన్ రెండుగా ఉన్న రోజుల్లో, తూర్పు నుంచి పడమటికి వెళ్లేవాళ్లకి వీడ్కోలు చెప్పిన సరిహద్దు భవనానికి జనం పెట్టుకున్న పేరది. అలాంటి పేరున్న పాటలో ఇంకో గొంతు వినిపించడం నాకు అతికినట్టు ఉంది.

ఇక మాస్టరింగ్. మీ రెండో ప్రశ్నకి, అంటే చెవుల సంగతికి, జవాబు ఇక్కడ ఉంది.

పాత మెటల్ సీడీల్లో సగటు శబ్దానికీ స్నేర్ (కర్రతో కొట్టే చురుకైన డ్రమ్) దెబ్బ శిఖరానికీ మధ్య 12 డెసిబెల్ దాకా తేడా ఉండడం మామూలే. ఇప్పటి మెటల్ ఆల్బమ్‌లలో అది 5, 6 ఉండడం మామూలే. ఆ శిఖరాలని నొక్కేసి మొత్తాన్ని పైకి లేపుతాం, పాట గట్టిగా వినిపించడానికి. స్నేర్ దెబ్బ ‘ఫట్’ మని మొహాన కొట్టాల్సింది ‘పత్’ మని ఆగిపోతుంది. మెటాలికా 2008లో డెత్ మ్యాగ్నెటిక్ విడుదల చేసినప్పుడు ఇదే పెద్ద గొడవైంది. అవే పాటలు గిటార్ హీరో గేమ్‌లో అంతగా నొక్కకుండా వినిపించాయి. అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి విని, అమ్మిన సీడీ కన్నా గేమ్‌లోదే బాగుందన్నారు. పాటలు మారలేదు, వాయించిన చేతులు మారలేదు, చివరి మెట్టు ఒక్కటే మారింది.

కాబట్టి మీరు పోల్చేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, రెండు ఆల్బమ్‌లూ ఒకే శబ్ద స్థాయిలో వినాలి. స్ట్రీమింగ్ యాప్‌లో శబ్దం సమం చేసే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్‌లో పెట్టండి. అది ఆఫ్‌లో ఉంటే కొత్తది గట్టిగా ఉండి మొదట ఆకట్టుకుని, పది నిమిషాల్లో అలసట తెప్పిస్తుంది. మీరు రెండుసార్లు విని వదిలేయడానికి అది కూడా కారణం కావచ్చు. రెండు, మీరు వింటున్న పాత ఆల్బమ్ నిజంగా పాతదేనా? క్రియేటర్ తొలి ఆల్బమ్‌లు 2017లో రీమాస్టర్ అయి మళ్లీ వచ్చాయి. యాప్‌లో ఉన్నది ఏదో చూసుకోండి.

ఇంకో చిన్న పని చేయండి. హెడ్‌ఫోన్ ఎడమ వైపు మాత్రమే పెట్టుకుని కొత్త ఆల్బమ్‌లో ఒక వేగమైన పాట వినండి. మామూలుగా ఒక రిథమ్ గిటార్ పూర్తిగా ఎడమకి, ఇంకొకటి పూర్తిగా కుడికి ఉంటాయి. అలా వింటే కోరస్ వెడల్పు, గొంతుల పొరలు చాలావరకు వెనక్కి పోయి, కుడిచేయి ఒక్కటే చెవి దగ్గరికి వస్తుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు మీలాగే ‘ఇప్పటి క్రియేటర్‌లో పస లేదు’ అనేవాడు. ఇలా ఒక పాట వినిపించాను. వర్స్ సగంలో ఉండగానే హెడ్‌ఫోన్ తీసి, ‘ఇది అదే మనిషి’ అన్నాడు. అంతకు ముందు అతను వింటున్నది ముస్తాబుని, రిఫ్‌ని కాదు.

మిగతా బ్యాండ్‌లతో పోలిస్తే ఇది ఇంకా తేటపడుతుంది. స్లేయర్ 1986లో రెయిన్ ఇన్ బ్లడ్ అనే 29 నిమిషాల సుడిగాలి వదిలింది. రెండేళ్లకే సౌత్ ఆఫ్ హెవెన్‌లో కావాలని వేగం తగ్గించింది. అప్పుడు నిట్టూర్చినవాళ్లున్నారు, ఇప్పుడు దాన్ని తక్కువ చేసేవాళ్లు కనిపించరు. వేగం తగ్గింది కానీ రిఫ్ బరువు పెరిగింది. మెటాలికా 1991లో ప్రొడ్యూసర్ బాబ్ రాక్‌తో చేసిన ఆల్బమ్ నిజంగా నిర్మాణాన్నే మార్చింది: ఎనిమిది తొమ్మిది రిఫ్‌లున్న పాటల బదులు రెండు మూడు రిఫ్‌ల పాటలు. అదే బ్యాండ్ 2003లో సెయింట్ ఆంగర్‌లో స్నేర్ కింది తీగలు వదులు చేసి డబ్బా మోగినట్టు రికార్డు చేసింది, గిటార్ సోలోలు తీసేసింది. గరుకుగా ఉంటే చాలు నిజాయతీ అవుతుందనుకునేవాళ్లు ఆ ఆల్బమ్ ఒకసారి వినాలి. టెస్టమెంట్ 1997లో డెమోనిక్‌లో డెత్ మెటల్ వైపు వెళ్లి, 1999లో డేవ్ లొంబార్డో డ్రమ్స్‌తో ది గ్యాదరింగ్ చేసి తిరిగి నిలబడింది. 2025లో వాళ్ల పారా బెల్లమ్‌కి డ్రమ్స్ వాయించిన క్రిస్ డోవాస్ తర్వాతి తరం కుర్రాడు. పాత చేతుల కింద కొత్త కాళ్లు చేరితే పాటకి ఎంత ఊపు వస్తుందో అందులో తెలుస్తుంది.

ఇంతసేపూ బ్యాండ్ వైపు మాట్లాడాను కాబట్టి, నాకు నచ్చనిది కూడా చెప్పాలి. కొత్త ఆల్బమ్‌లో కొన్ని కోరస్‌ల దగ్గర గుంపు గొంతులు, వెనక పొరలు ఎక్కువయ్యాయి. ఆ నాలుగు పాదాలు వచ్చేసరికి గిటార్లు పక్కకి తప్పుకుని దారి ఇస్తాయి. పెద్ద సంగీత పండగల్లో వేలమంది కలిసి అరవడానికి అది పనికొస్తుంది, ఆ అవసరం నాకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో వింటే ఒకే మలుపు మళ్లీ మళ్లీ వచ్చినట్టు ఉంటుంది. నేను మిక్స్ చేసుంటే ఆ చోట్ల గుంపు గొంతులు 2 డెసిబెల్ తగ్గించి, రిథమ్ గిటార్ అక్కడే ఉంచేవాణ్ణి. ఇంకొకటి, కిక్ డ్రమ్. వెంటర్ కాళ్లలో ఒక వంకర నడక ఉంది, కొంచెం వెనక పడి అందుకునే తీరు. వయొలెంట్ రెవల్యూషన్‌లో కూడా అది తెలుస్తుంది. కొత్త సౌండ్‌లో ఆ వంకర నాకు సరిగ్గా వినపడలేదు. అది లేకపోవడం నాకు నిజంగా లోటు.

మొదట్లో చెప్పిన పోయిన సంగతికి వస్తాను. ప్లెజర్ టు కిల్‌లో డ్రమ్స్, గిటార్ ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్తాయి, ఎక్కడ ముక్కలైపోతాయో అన్నంత టెన్షన్ ఉంటుంది. అది కూర్చుని రాసి తెచ్చింది కాదు. జర్మనీలోని ఎసెన్ ఊరి కుర్రాళ్లు తమకి ఇంకా రాని వేగాన్ని అందుకోవాలని పడ్డ ఆరాటం టేపు మీద పడింది. ఈరోజు అదే మనుషులు అదే వేగాన్ని సుఖంగా వాయించగలరు. రానట్టు నటిస్తే అబద్ధం అవుతుంది, అది మనకి రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ ఆరాటం మీకు కావాలనిపించినప్పుడు పాత ఆల్బమ్ పెట్టుకోండి, అది ఎక్కడికీ పోలేదు. కొత్తదాన్ని మాత్రం ఆ ఆరాటం లేదని కొట్టిపారేయకండి. అది ఇవ్వగలిగింది వేరు: సామి రాగం, మిల్లే దెబ్బ ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పటి బరువు. 2019లో చేరిన ఫ్రెంచి బేసిస్టు ఫ్రెడెరిక్ లెక్లెర్క్ వచ్చాక ఆ కింది వరస ఇంకా గట్టిపడింది.

కాబట్టి మానేయకండి, వరస మార్చండి. ముందు వయొలెంట్ రెవల్యూషన్ మొత్తం వినండి, అందులో రాగం ఎలా మొదలైందో తెలుస్తుంది. తర్వాత హోర్డ్స్ ఆఫ్ కేయాస్. అది విన్నాక మీకు ‘శుభ్రం’ మీద కోపమా, రాగం మీద కోపమా తేలిపోతుంది, ఎందుకంటే అందులో రాగం ఉంది, శుభ్రం తక్కువ. శుభ్రమే మీ ఇబ్బంది అయితే అక్కడి నుంచి హేట్ ఊబర్ ఆలెస్‌కి వెళ్లి, చివర్లో కొత్తదానికి రండి. రాగమే ఇబ్బంది అయితే 1990 దాకా ఉన్న ఐదు ఆల్బమ్‌లు మీకు చాలు, అందులో తప్పేమీ లేదు. ముఖ్యంగా 1987 నాటి టెరిబుల్ సర్టెన్టీని చాలామంది పట్టించుకోరు, మీరు వినకపోతే ఈ రాత్రే అది వినండి. క్రషర్స్ ఆఫ్ ద వరల్డ్‌ని మూడోసారి వినేటప్పుడు మాత్రం శబ్దం సమం చేసి, కోరస్‌లు వదిలేసి, వర్స్‌ల మీద చెవి పెట్టండి. విన్నాక ఏ పాట దగ్గర ఏమనిపించిందో ఇక్కడే రాయండి, నేను చదువుతాను.